పోరంబోకు అన్న ఒక్క మాట

"బాన్సువాడలో కూర్చున్నవాడివి, హైదరాబాదులో ఎవరో చెట్లు కొడితే నీకెందుకయ్యా నొప్పి?" అని మొన్నొక పాత మిత్రుడు ఫోనులో నిలదీశాడు. అతను సూటిగానే అడిగాడు. నేనే నసిగాను. ముప్పయ్యేళ్లు బడిలో తెలుగు చెప్పినవాణ్ణి, నల్లబల్ల ఎదుట తప్ప నా నోరు సరిగా పెగలదు. అందుకని అతనికి ఇవ్వవలసిన జవాబును ఇక్కడ రాసుకుంటున్నాను. టపా కొంచెం పొడుగైంది. చదువరులు మన్నించాలి.

వాదానికి ముందు జరిగినదేమిటో ఒకసారి చెప్పుకుందాం. 2025 మార్చి 30, విశ్వావసు నామ సంవత్సర ఉగాది. ఇంటింటా పచ్చడి కలుపుకుంటున్న రోజున, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల నేలలోకి పోలీసుల కాపలాతో బుల్డోజర్లు దిగాయి. అడ్డుపడిన విద్యార్థులను పదుల సంఖ్యలో పట్టుకుపోయారు. మర్నాడు రంజాన్ పండుగ. కోర్టులకు వరుసగా సెలవులు. పగలు చాలక రాత్రిళ్లు కూడా దీపాలు పెట్టుకుని పని సాగించారు. ఏప్రిల్ 2న హైకోర్టు పని ఆపమన్నది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే విషయాన్ని చేపట్టి, హైకోర్టు రిజిస్ట్రారును అక్కడికి పంపి చూసి రమ్మన్నది. సుమారు 100 ఎకరాలు యంత్రాలతో చదునైపోయిందనీ, నెమళ్లూ జింకలూ కనబడ్డాయనీ ఆయన నివేదించాడు. తదుపరి ఉత్తర్వులదాకా ఒక్క చెట్టూ కొట్టరాదని న్యాయస్థానం ఆదేశించింది. ఏప్రిల్ 16న, ఆ 100 ఎకరాలను తిరిగి ఎలా నిలబెడతారో ప్రణాళికతో రండి, లేకుంటే అధికారులు జైలు చూడవలసి వస్తుందని హెచ్చరించింది. మే నెలలో, వరుస సెలవులు చూసుకుని ముందే వేసుకున్న పథకంలా ఉన్నదే ఇది అని కూడా అన్నది.

ఇదీ సంగతి. ఇక నా జవాబు.

అన్నిటికన్న ముందు నన్ను పట్టుకున్నది చెట్టు కాదు, ఒక మాట. పాత రెవెన్యూ రికార్డులో ఆ నేల పేరు "కంచ అస్తబల్ పోరంబోకు సర్కారీ". నాలుగు మాటల్లో నాలుగు చరిత్రలున్నాయి. కంచ అంటే పశువులు మేసే గడ్డినేల అని తెలంగాణలో ఏ పల్లెకారుణ్ణి అడిగినా చెబుతాడు. అస్తబల్ అంటే గుర్రపుసాల, అది పారసీకం మీదుగా మనకు వచ్చింది. సర్కారీ అంటే సరే, తెలిసిందే. మిగిలింది పోరంబోకు. దక్షిణాది రైతు నోట పుట్టిన ఈ మాటకు మొదట ఉన్న అర్థం చాలా మర్యాదైనది: శిస్తు లెక్కకు వెలుపల ఉన్న భూమి, అంటే ఏ ఒక్కడిదీ కాక అందరిదీ అయిన భూమి. చెరువు పోరంబోకే, వాగు పోరంబోకే, బాట పోరంబోకే, శ్మశానం పోరంబోకే. ఊరు బతకడానికి ఏవేవి ఉమ్మడిగా ఉండాలో వాటన్నిటికీ అది ఒక్కటే పేరు.

అలాంటి మాట ఇవాళ మన నోట ఏమైంది? పనీపాటా లేక తిరిగేవాణ్ణి "పోరంబోకు వెధవ" అంటాం. అందరికీ పనికొచ్చేది ఎవడికీ పనికిరానిదైపోయింది. శిస్తు రానిది దండుగ అన్న దొరతనపు లెక్కను మనం తిట్టుగా మార్చుకుని నాలుక మీద పెట్టుకున్నాం. చెన్నైలో టి.ఎం. కృష్ణ 2017లో ఎన్నూరు కడలిపాయ కోసం పాడిన తమిళ పాట ఈ మాటనే పట్టుకుని, దాని పోయిన పరువును తిరిగి అడిగింది. తెలుగువాళ్లం మనమింకా ఆ పని చేయలేదు. నా ఫిర్యాదంతా ఇదే. గచ్చిబౌలిలో బుల్డోజరు కంటే ముందు ఒక మాట వచ్చింది. ఇది అడవి కాదు, పోరంబోకు అన్న మాట. ఆ ఒక్క మాటతో సగం చెట్లు అప్పటికే పడిపోయాయి. మిగతా సగానికే డీజిలు ఖర్చయింది.

"రికార్డులో అడవి అని లేదు కదా!" అన్నది ప్రభుత్వం వారి మొదటి వాదం. ఈ వాదానికి జవాబు ఏనాడో వచ్చింది. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ తిరుముల్పాడ్ కేసులో సుప్రీంకోర్టు ఒక ముచ్చటైన పని చేసింది. అడవి అంటే ఏమిటి అన్న ప్రశ్నకు అది పటేలు పట్వారీల దస్తరం వెతకలేదు, నిఘంటువు చూడమన్నది. నిఘంటువులో అడవి అన్న మాటకు ఏ అర్థం ఉన్నదో ఆ అర్థానికి సరిపడే ప్రతి నేలా అడవే, అది ఎవరి ఆస్తి అయినా సరే, 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం దానికి వర్తిస్తుంది అని తీర్పు చెప్పింది. 2023లో ఆ చట్టానికి చేసిన సవరణ ఈ అర్థాన్ని కుదించజూసినప్పుడు, 2024 ఫిబ్రవరిలో అదే న్యాయస్థానం, తాము తేల్చేదాకా నిఘంటువు అర్థమే నడవాలని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది.

తెలుగు పంతులుగా నాకిది పండుగలాంటి తీర్పు. దేశపు అత్యున్నత న్యాయస్థానం నిఘంటువును సాక్షిగా పిలిచింది! మరి మన నిఘంటువు ఏమంటుంది? అడవి, కాన, వనం, విపినం, అరణ్యం అని వరసగా చెబుతుంది. అంతటితో ఆగదు. పగలు కూడా వెలుతురు చొరనిది కారడవి అనీ, పొదలూ పొట్టిచెట్లూ గల పలచనిది చిట్టడవి అనీ భేదం కూడా చెబుతుంది. దక్కను పీఠభూమికి తగిన మాట ఈ చిట్టడవి. నల్లమలలా ఆకాశాన్ని మూసే చెట్లు హైదరాబాదు బండల మీద ఎన్నడూ లేవు, ఉండవు కూడా. గ్రానైటు గుండ్ల సందుల్లో పిడికెడు మట్టి పట్టుకుని సీతాఫలం, రేల, మోదుగ, చండ్ర, పరికి, బలుసు, తంగేడు బతుకుతాయి. ఎండాకాలం వాటిని చూస్తే చచ్చిపోయాయేమో అనిపిస్తుంది. తొలకరి పడ్డ పది రోజులకు వెళ్లి చూడండి. పొడుగు చెట్లు లేవు కాబట్టి అడవి కాదనడం, పొట్టివాడు కాబట్టి మనిషి కాడన్నట్టుంది. మన భాషకు ఏనాడో తెలిసిన సంగతి మన సచివాలయానికి ఇంకా తెలియలేదు.

ఇక్కడ ఇంకొక విశేషం. నిఘంటువు అర్థానికి సరిపడే అడవులేవో గుర్తించడానికి రాష్ట్ర ప్రభుత్వమే 2025 మార్చి 15న ఒక నిపుణుల సంఘాన్ని నియమించింది. ఆ పనికి ఆరు నెలల గడువుంది. సరిగ్గా పదిహేనో రోజున బుల్డోజర్లు దిగాయి. ఏది అడవో తేల్చడానికి మనుషులను నియమించినవాళ్లే, వాళ్లు తేల్చేలోగా తేల్చడానికేమీ మిగలకుండా చూడబోయారు. ఇంత తొందరేమొచ్చిందని సుప్రీంకోర్టు అడిగింది కూడా ఇందుకే.

రెండో వాదం మరీ విచిత్రమైనది. "అదంతా వ్యాజ్యంలో పడి ఉన్న భూమి, ఎవరూ వాడకపోవడం వల్ల చెట్లు మొలిచాయి, అంతేగాని అడవి కాదు" అన్నారు. వ్యాజ్యం సంగతి నిజమే. 2003లో అప్పటి ప్రభుత్వం ఈ 400 ఎకరాలను క్రీడా శిక్షణ పేరు చెప్పిన ఐఎంజీ భారత అనే కంపెనీకి కట్టబెట్టింది. 2006లో తరువాతి ప్రభుత్వం రద్దు చేసింది. కంపెనీ కోర్టుకెక్కింది. 2024 మార్చిలో హైకోర్టులోనూ, మే నెలలో సుప్రీంకోర్టులోనూ ప్రభుత్వం గెలిచింది. అంటే ఇంచుమించు ఇరవై ఏళ్లపాటు అక్కడ ఎవరి పార పడలేదు, ఎవరి పునాది లేవలేదు. సరే, నేనొక చిన్న ప్రశ్న అడుగుతాను. మనిషి చెయ్యి పడకుండా ఇరవై ఏళ్లు వదిలేస్తే, ఎవరూ విత్తకుండా ఎవరూ నీళ్లు పోయకుండా తనంతట తాను పెరిగి, నెమలినీ జింకనూ పిలిచి కూర్చోబెట్టుకున్నదాన్ని అడవి అనకపోతే ఇంకేమంటారు? అడవికి నాకు తెలిసిన నిర్వచనం అదొక్కటే. మనం నాటినది తోట. మనం వదిలేసినది అడవి.

మూడో వాదం, అక్కడ జంతువులే లేవన్నది. జింకలూ పులులూ లేవు, అభివృద్ధికి అడ్డుపడే గుంటనక్కలున్నాయన్న ధోరణిలో సాక్షాత్తు శాసనసభలోనే మాటలు దొర్లాయి. పులులు లేవు, ఒప్పుకుంటాను. కాని తెలంగాణ రాష్ట్రం 2014 నవంబరులో తన చిహ్నాలుగా ఎంచుకున్నవి ఏవి? జంతువు చుక్కల జింక, పిట్ట పాలపిట్ట, చెట్టు జమ్మి, పువ్వు తంగేడు. నాలుగింటికి నాలుగూ కంచల్లో, చిట్టడవుల్లో, పొలం గట్ల మీద బతికేవే. మన చిహ్నాలను ఎంచినవాళ్లకు తెలంగాణ నేల తెలుసు. కాపాడవలసినవాళ్లకు మాత్రం జింక కనబడలేదు, రిజిస్ట్రారుకు ఒక్క పూటలో కనబడింది. ఆయన చూసి వచ్చిన మర్నాడు, ఏప్రిల్ 4న, విశ్వవిద్యాలయ ఆవరణలో కుక్కల బారిన పడి ఒక చుక్కల జింక చచ్చిపోయింది. ఇంకొక చిన్న ప్రాణి సంగతి కూడా చెప్పాలి. ఆ విశ్వవిద్యాలయ ఆవరణలో దొరికిన ఒక సాలెపురుగును 2010లో శాస్త్రజ్ఞులు కొత్త జాతిగా వర్ణించి, మురీసియా హైదరాబాదెన్సిస్ అని నగరం పేరే పెట్టారు. నగరానికి తన పేరింటి సాలీడు ఉందన్న సంగతే తెలియదు.

నా పక్షంవాళ్లకూ ఒక మాట. ఆ రోజుల్లో కృత్రిమ మేధతో తయారుచేసిన బొమ్మలు కొన్ని ఊరంతా తిరిగాయి. పారిపోతున్న జింకలూ, ఏడుస్తున్న నెమళ్లూ. నాకూ పదిమంది పంపారు. అవి అబద్ధాలు, అబద్ధం ఎవరు చెప్పినా అబద్ధమే. పైపెచ్చు నష్టం కూడా. బొమ్మ అబద్ధమని తేలినప్పుడు, బొమ్మ వెనకున్న నిజాన్ని కూడా కొట్టిపారేయడానికి ప్రభుత్వానికి చేజేతులా సాకు ఇచ్చాం. రిజిస్ట్రారు నివేదికలోని నూరు ఎకరాలు చాలవా మనకు?

ఇక అసలైన వాదానికి వస్తాను. దీన్ని నేను తేలికగా తీసుకోలేను, ఎందుకంటే ఇది నా ఇంట్లోనే ఉంది. "ఉద్యోగాలు వద్దా?" ఆ భూమిలో ఐటీ పార్కు వస్తే 50,000 కోట్ల పెట్టుబడీ 5 లక్షల ఉద్యోగాలూ వస్తాయని ప్రభుత్వం చెప్పింది. నా కొడుకు గచ్చిబౌలి పక్కనే ఒక కంపెనీలో పని చేస్తున్నాడు. వాడి జీతంతోనే మా ఇంటికి పైఅంతస్తు లేచింది. వాడు కూర్చునే భవనం కింద కూడా ఏదో కంచ ఉండే ఉంటుంది. కాబట్టి ఉద్యోగాలను ఈసడించే అర్హత నాకు లేదు, ఈసడించను కూడా. నా ప్రశ్న వేరు. 5 లక్షల ఉద్యోగాలు రావలసినప్పుడు అవన్నీ ఆ 400 ఎకరాల మీదనే ఎందుకు రావాలి? నిజామాబాదులో 2023లో ఐటీ హబ్ తెరిచారు. కామారెడ్డికి రైలుంది, జాతీయ రహదారి ఉంది. నా కొడుకు బాన్సువాడ నుంచి పొద్దున పోయి సాయంత్రం వచ్చే దూరంలో ఒక కొలువు ఉంటే, మా వీధిలో సగం ఇళ్లకు తాళాలు ఉండేవి కావు. అభివృద్ధి కావాలి అనేవాళ్లలో నేను ముందుంటాను. కాని అభివృద్ధి అంటే పడమటి హైదరాబాదులో ఎకరం ధర పెరగడమే అనుకుంటే మాత్రం నమస్కారం. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం నూరు కోట్లు దాటిన రోజునే గచ్చిబౌలి చెట్ల జాతకం రాయబడింది. అక్కడ చెట్టు నీడకు విలువ లేదు, నీడ పడే నేలకే విలువ.

ఇందులో ఏదో ఒక పార్టీని తిట్టి సంతోషపడదామన్నా కుదరదు. వరస చూడండి. విశ్వవిద్యాలయానికి 1974లో దక్కిన రెండు వేల మూడు వందల పైచిలుకు ఎకరాల్లోంచి ఒక్కొక్క ప్రభుత్వం ఒక్కొక్క ముక్క తీసుకుంటూ వచ్చింది. 2004లో 534 ఎకరాలు వెనక్కి తీసుకుని బదులుగా గోపన్‌పల్లిలో 397 ఎకరాలు ఇచ్చామని ఇప్పటి ప్రభుత్వమే కాగితం చూపింది. నగరం నడిబొడ్డున ఉన్న కేబీఆర్ జాతీయ ఉద్యానం చుట్టూ రక్షణ వలయాన్ని 2020లో కేంద్రం ఖరారు చేసినప్పుడు, దాని వెడల్పు కొన్ని చోట్ల 3 మీటర్లు, ఎక్కువలో ఎక్కువ 29.8 మీటర్లు. మూడు మీటర్లంటే మా ఇంటి వసారా. 2022 ఏప్రిల్‌లో, జంట జలాశయాలను పాతికేళ్లకు పైగా కాచిన 111 జీవో ఆంక్షలను ఎత్తివేస్తూ కొత్త జీవో వచ్చింది. 2024 అక్టోబరులో వికారాబాదు జిల్లా దామగుండంలో సుమారు 2,900 ఎకరాల రిజర్వు ఫారెస్టులో నౌకాదళ రాడారు కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. దేశరక్షణ వద్దని ఎవరంటారు? కాని అక్కడ రికార్డులో అడవి అనే రాసి ఉంది, అయినా ఆగలేదు. అంటే రికార్డులో లేకపోతే అడవి కాదంటారు, రికార్డులో ఉంటే ఇంతకన్న పెద్ద అవసరం ఉందంటారు. చెట్టుకు గెలిచే దారి ఏది?

"కొట్టినదానికి రెట్టింపు నాటుతాం" అన్నది చివరి వాదం. మొక్కలు నాటడాన్ని నేను వెక్కిరించను. 2015లో మొదలైన హరితహారంలో మా బడి పిల్లలతో నేనూ గుంటలు తవ్వించాను. కాని 230 కోట్ల మొక్కల లక్ష్యంలో ఊరూరా రోడ్ల నడుమ ఏపుగా లేచినది ఏమిటి? కోనోకార్పస్. ఈ నేలది కాని ఆ చెట్టు మీద పిట్ట గూడు పెట్టగా నేను చూడలేదు. చివరికి దాన్ని నాటవద్దని ప్రభుత్వమే చెప్పవలసి వచ్చింది. రేల చెట్టుకు తోడు ఏ తీగ ఉండాలో, బండ సందున ఏ గడ్డి మొలిస్తే ఏ పురుగు వస్తుందో, ఆ పురుగుకు ఏ పిట్ట వస్తుందో టెండరులో రాయలేం. కాల్చేసిన గ్రంథాలయానికి బదులుగా అంతే బరువుగల తెల్లకాగితాలు కొనిస్తామన్నట్టుంది ఈ పరిహారం.

ఇప్పుడు మిత్రుడి ప్రశ్నకు. బాన్సువాడవాడికి నొప్పి ఎందుకు?

మా ఊరి పేరు వినగానే ఉర్దూ తెలిసినవాడికి వెదురు గుర్తుకొస్తుంది, బాన్స్ అంటే వెదురు. మా పొలాలకు ప్రాణం మంజీర. 1923లో మొదలుపెట్టి 1931కి నిజాంసాగర్ కట్టారు. రెండు లక్షల డెబ్బయి అయిదు వేల ఎకరాలకు నీళ్లని సంకల్పం. తరువాత ఏమైంది? ఎగువన గుట్టలు బోడి అయినకొద్దీ మట్టి దొర్లుకుంటూ వచ్చి జలాశయంలో కూర్చుంది. 29 టీఎంసీలకు పైగా పట్టవలసిన సాగరం సగానికి పైగా పూడిపోయింది. తరువాత ఎత్తు పెంచితే 17.8 టీఎంసీలకు తేలింది. అడవి పోవడమంటే ఏమిటో మాకు ఏ పర్యావరణవేత్తా చెప్పనక్కర్లేదు, మా కాలువ చివరి తూము చెబుతుంది. దానికి తోడు, ఎగువన మంజీర బ్యారేజీ, సింగూరు కట్టి ఆ నీటిని హైదరాబాదుకు తాగునీరుగా తరలించారు. నగరం దాహం తీరాలి, నిజమే. మా నాగమళ్లు ఎండినా మేము పెద్దగా నోరెత్తలేదు. మా నీళ్లు తాగి పెరిగిన నగరం తన సొంత చెరువులనూ బండలనూ చిట్టడవులనూ ఊడ్చేసుకుంటే, రేపు దాని దాహం ఇంకా పెరుగుతుంది. ఆ గొట్టాలు మళ్లీ ఎవరి నది మీదికి వస్తాయి? నొప్పి ఎందుకని అడిగిన మిత్రుడా, ఇదొక కారణం.

రెండో కారణం 2025 ఆగస్టు 27న వచ్చింది. ఆ రెండు రోజులు కామారెడ్డి జిల్లా మీద కుండపోత కురిసింది. కామారెడ్డి పట్టణంలో వీధులు వాగులైనాయి. నూరేళ్లు దాటిన పోచారం ప్రాజెక్టు కట్ట తెగుతుందేమోనని రాత్రంతా జనం బిక్కుబిక్కుమన్నారు. రాళ్లతో కట్టిన ఆ పాత కట్ట నిలిచింది. మనం నిన్నమొన్న వాగుల్లో వేసుకున్న ప్లాట్లు నిలవలేదు. నీరు దాని పోరంబోకును అది వెతుక్కుంటూ వచ్చింది, అంతే.

మూడో కారణం చెప్పడానికి కొంచెం సిగ్గుగా ఉంది. మా ఊరి అంచున ఒక గుట్ట ఉండేది. పెద్దదేమీ కాదు. గుండ్లు, సీతాఫలం పొదలు, వాలున తంగేడు, కింద గునుగు. బతుకమ్మ తొమ్మిది రోజులూ పొద్దున్నే అక్కయ్య వెంట తట్ట పట్టుకుని పోయేవాణ్ణి. బతుకమ్మను ఎవరూ తోటలో పెంచిన పూలతో మొదలుపెట్టరు. బీడు పూలే ఆ పండుగకు దేవతలు. ఎండాకాలంలో మా వాడలో బీడీలు చుట్టే ఆడవాళ్లు పొయ్యిలోకి పుల్లలు అక్కడి నుంచే తెచ్చుకునేవారు. పన్నెండేళ్ల కిందట ఆ గుట్ట పక్క చెల్కలో ఎవరో వెంచరు వేశారు. అందులో నేనొక ప్లాటు కొన్నాను. దస్తావేజు నేనే చదువుకున్నాను, తెలుగు పంతుల్ని కదా, అక్షరదోషాలు కూడా దిద్దాను. హద్దుల దగ్గర "ఉత్తరం: సర్కారీ పోరంబోకు" అని ఉంది. చదివి సంతోషించాను. ఉత్తరాన ఎవరూ లేరు, గాలి బాగా వస్తుంది, గొడవ ఉండదు అనుకున్నాను! ఆ రెండు మాటల వెనక అక్కయ్య తంగేడు వాలు ఉందని నాకు తట్టలేదు. తరువాత ఆ గుట్టను మొరానికి తవ్వారు. ఆ మొరం మా వెంచరు రోడ్లలోనే పరిచారు. ఇప్పుడు మా ఆవిడ బతుకమ్మకు తంగేడు పూలు బజారులో కట్టలకు కొంటుంది. ఎక్కడి నుంచి తెస్తారమ్మా అంటే, దూరం పోవాలి సారూ అంటారు అమ్మేవాళ్లు.

అందుచేత మిత్రమా, నేను హైదరాబాదు ప్రభుత్వాన్ని పైనుంచి కిందికి చూస్తూ ఈ మాట అనడం లేదు. ఆ బుల్డోజరుకు తాళంచెవి నా జేబులో కూడా ఉంది. వాళ్లు 400 ఎకరాల మీద చదివిన మాటనే నేను నూటయాభై గజాల దస్తావేజులో చదివి తల ఊపాను. మనం తల ఊపిన మాటనే ప్రభుత్వాలు వాడుకుంటాయి. గచ్చిబౌలికి దేశమంతా చూసే విశ్వవిద్యాలయం ఉంది, దెబ్బలు తినడానికి సిద్ధపడ్డ విద్యార్థులున్నారు, తనంతట తానే మేల్కొన్న న్యాయస్థానం దొరికింది. మా గుట్టకు ఎవరున్నారు? ముంబయి ఆరేలో 2019 అక్టోబరు 4 రాత్రి రంపాలు మొదలైతే, 7వ తేదీన సుప్రీంకోర్టు ఆపేసరికి రెండు వేలకు పైగా చెట్లు పడిపోయే ఉన్నాయి. మహానగరాల్లోనే కోర్టు ఆలస్యంగా చేరుతుంది. బాన్సువాడ, పిట్లం, గాంధారి వంటి ఊళ్ల అంచులకు అది చేరనే చేరదు.

కాబట్టి ఊరికే వాపోయి ముగించను. అడగవలసినవి మూడే ఉన్నాయి, మూడూ న్యాయమైనవే. నిఘంటువు అర్థంలో అడవి అనదగిన ప్రతి నేలనూ సర్వే నంబరుతో సహా, తెలుగులో, మండల కార్యాలయం గోడ మీదా గ్రామ పంచాయతీ గోడ మీదా అంటించాలి. ఆ జాబితా మీద అభ్యంతరం చెప్పుకునే హక్కు పశువులు కాచేవాడికీ, తునికాకు ఏరేవాడికీ కూడా ఉండాలి. జాబితా తేలేదాకా, చెట్లున్న సర్కారీ భూమిని అమ్మడం, తాకట్టు పెట్టడం, చదును చేయడం నిలపాలి. ఇక మూడోది, కోర్టులకు సెలవున్న రోజుల్లోనూ, పొద్దు గుంకిన తరువాతనూ ఏ ప్రభుత్వమూ చెట్టు కొట్టరాదని నియమం చేయాలి. మంచిపని అయితే పట్టపగలు, పనిదినాన, నలుగురి ఎదుటా చేయవచ్చు కదా!

నాలుగోది ప్రభుత్వం చేయగలిగింది కాదు, మనం చేయవలసింది. ఆ మాటను మానేద్దాం. తెలుగు రాయడం మీద మమకారం ఉండి ఇలా రాసుకుంటూ ఉండే మనలాంటివాళ్లమైనా, మన ఊరి అంచున ఉన్నదాన్ని బీడు అనీ ఖాళీ జాగా అనీ పోరంబోకు అనీ రాయడం ఆపి, చిట్టడవి అని రాద్దాం. అక్కడ ఏ చెట్టుంది, ఏ పూవు ఏ నెలలో పూస్తుంది, ఏ పిట్ట వస్తుంది, జనం ఆ గుట్టను ఏ పేరుతో పిలుస్తారు, ఇవన్నీ ఎవరి ఊరివి వారు రాసి పెడదాం. రేపు ఎవరైనా వచ్చి ఇక్కడ ఏమీ లేదంటే, ఉందని చూపడానికి కనీసం ఒక పుటైనా ఉంటుంది. పేరున్నదాన్ని చంపడం కాస్త కష్టం.

మా గుట్ట మీద నేనా పని చేయలేదు. ఇప్పుడు చేద్దామన్నా గుట్ట లేదు. కాని బీర్కూరు దారిలో ఇంకొక కంచ మిగిలి ఉంది. వచ్చే ఆదివారం కాగితం, కలం పట్టుకుని, వెంట అక్కయ్య మనవరాలిని తీసుకుని అక్కడికి పోతున్నాను. ఏమేమి కనబడ్డాయో వచ్చి రాస్తాను. మీ ఊరి అంచున ఏముందో మీరూ రాయండి.